బాస్ స్ట్రింగ్స్ తెగవు, మూగబోతాయి: ఎప్పుడు మార్చాలి, ఎలా బిగించాలి

మామూలు గిటార్ వాయించేవాళ్ళకి స్ట్రింగ్స్ మార్చడం ఎప్పుడో ఒకప్పుడు తప్పదు, సన్నటి తీగ కాబట్టి ఏదో ఒక రోజు టప్పుమని తెగి ఊరుకుంటుంది, అప్పుడు కొత్త సెట్ వేయాల్సిందే. బాస్‌లో, అంటే కింది స్వరాలు పలికే బాస్ గిటార్‌లో, అలా జరగదు. లావుపాటి తీగలు, ఏళ్ళ తరబడి తెగకుండా అలాగే ఉంటాయి, అందుకే బాస్ కొన్నప్పుడు దాంతో వచ్చిన తీగలతోనే రెండు మూడేళ్ళు లాగించేసేవాళ్ళు చాలామంది ఉంటారు. తెగలేదు కదా, మోగుతోంది కదా, ఇంకేం కావాలి అనుకుంటారు. ఈలోపు సౌండ్ కొంచెం కొంచెంగా తగ్గుతూ వస్తుంది, రోజూ వినే చెవికి ఆ తేడా పట్టుబడదు. ఆంప్‌లో (ఆంప్లిఫయర్‌లో) ట్రెబుల్ కొంచెం పెంచుతారు, ఇంకో నెలకి ఇంకొంచెం, ఆ తర్వాత పికప్స్ (తీగ ఊపుని కరెంట్ సిగ్నల్‌గా మార్చే మాగ్నెట్‌లు) బాలేవేమో, ఆంప్ దండగేమో అన్న అనుమానాలు మొదలవుతాయి, పెడల్స్ కొనడం దాకా వెళ్తుంది. తప్పు మాత్రం చాలాసార్లు ఆ నాలుగు తీగల్లోనే ఉంటుంది.

ఇంకో రకం కూడా ఉంది. మంచి ఖరీదైన సెట్ కొని వేస్తారు, అయినా సౌండ్ అనుకున్నట్టు రాదు, ఎ స్ట్రింగ్ (లావులో రెండో తీగ) ఓపెన్‌గా, అంటే ఎక్కడా నొక్కకుండా, మీటితే జీరగా మోగుతుంది, శృతి నిలవదు. వెంటనే ఆ కంపెనీ స్ట్రింగ్స్ మంచివి కావు అని తేల్చేస్తారు. ఇక్కడ కూడా తీగ తప్పు తక్కువ, దాన్ని కూర్చోబెట్టిన తీరులో తప్పు ఎక్కువ. బాస్ తీగ లావుగా, బిరుసుగా ఉంటుంది, ఎక్కడ వంగాలో అక్కడ దానంతట అది వంగదు, మనమే వంచాలి. ఈ ఒక్క విషయం అర్థమైతే స్ట్రింగ్ మార్చడంలో సగం పని తెలిసినట్టే.

ముందు తీగ ఎందుకు మూగబోతుందో చూద్దాం. బాస్ స్ట్రింగ్ లోపల ఒక స్టీలు తీగ ఉంటుంది, దాన్ని కోర్ అంటారు, దాని చుట్టూ ఇంకో తీగని, లావు స్ట్రింగ్స్‌లో అయితే రెండు మూడు పొరలుగా, దగ్గర దగ్గరగా చుడతారు. లాగుడు బరువంతా మోసేది కోర్, పై చుట్లు బరువు పెంచడానికి. బరువు ఎందుకంటే అంత కింది స్వరం రావాలి కాబట్టి. మామూలు ట్యూనింగ్‌లో ఇ స్ట్రింగ్ సుమారు 41 హెర్ట్జ్ (సెకనుకి 41 ఊపులు), ఎ 55, డి 73, జి 98 దగ్గర మోగుతాయి, ఐదు తీగల బాస్‌లో ఉండే కింది బి అయితే 31 దాకా దిగుతుంది. కానీ మన చెవిన పడేది ఆ మూలస్వరం ఒక్కటే కాదు, దాని మీద రెట్టింపు, మూడు రెట్లు, నాలుగు రెట్లు ఇలా పైకి వెళ్ళే హార్మోనిక్స్ బోలెడు ఉంటాయి. కొత్త తీగలో ఇవి పై దాకా గట్టిగా మోగుతాయి, ఆ గణగణలాడే, పియానో లాంటి మెరుపు అక్కడి నుంచే వస్తుంది.

వాయించేకొద్దీ చెమట, చర్మం మీది జిడ్డు, రాలిపోయిన చర్మపు పొట్టు, దుమ్ము అన్నీ ఆ చుట్ల సందుల్లోకి దిగుతాయి. చుట్లు ఒకదాని మీద ఒకటి స్వేచ్ఛగా కదలాల్సిన చోట జిడ్డు పట్టుకుని ఊపుని తినేస్తుంది. వేగంగా కదిలే పై హార్మోనిక్స్ ముందు చచ్చిపోతాయి, నెమ్మదిగా ఊగే మూలస్వరం మిగులుతుంది. అందుకే పాత తీగ మోగదు అని కాదు, మోగుతుంది, కాకపోతే గుమ్మని ఒక ముద్దలా మోగుతుంది, ఏ స్వరం వాయించారో తెలియడం కష్టమవుతుంది. ముఖ్యంగా చిన్న స్పీకర్లలో, ఫోన్‌లో వింటే ఈ తేడా బాగా బయటపడుతుంది, ఎందుకంటే చిన్న స్పీకర్ 41 హెర్ట్జ్‌ని అసలు పలికించలేదు, పైనున్న హార్మోనిక్స్ వినిపిస్తేనే మెదడు వాటిని బట్టి కింది స్వరాన్ని ఊహించుకుంటుంది. హార్మోనిక్స్ పోయిన పాత తీగతో రికార్డ్ చేస్తే ఫోన్‌లో బాస్ లైన్ మాయమైపోతుంది, ఎంత వాల్యూమ్ పెంచినా రాదు.

దీనికి తోడు తుప్పు, ఫ్రెట్ల (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీల) దగ్గర నొక్కులు. ప్రతిసారీ నొక్కినప్పుడు తీగ ఫ్రెట్ మీద రాసుకుంటుంది, కింది వైపు చిన్న చిన్న గాట్లు పడతాయి. ఒకచోట జిడ్డు పేరుకుని బరువెక్కి, ఇంకోచోట అరిగి తేలికై, తీగ పొడవునా బరువు సమానంగా లేకుండా పోతుంది. అప్పుడు హార్మోనిక్స్ కచ్చితమైన రెట్లలో ఉండవు, ఓపెన్‌గా శృతి చేస్తే సరిగ్గానే ఉంటుంది, పైకి వెళ్ళి పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కితే అపస్వరం పలుకుతుంది. సాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే చిన్న దిమ్మ) ఎంత జరిపినా దారికి రాదు. ట్యూనర్‌లో సూది ఒకచోట ఆగకుండా అటూ ఇటూ ఊగుతుంటే, ఇంటొనేషన్ (నెక్ మీద ప్రతిచోటా శృతి సరిగ్గా పలకడం) ఎంతకీ కుదరకపోతుంటే, స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి ముందు తీగల వయసు గుర్తుచేసుకోవాలి.

చూసి తెలుసుకోవాలంటే తీగ పైభాగం కాదు, అడుగు చూడాలి. పైభాగం వేళ్ళు తగులుతూ మెరుస్తూనే ఉంటుంది, నమ్మడానికి లేదు. తీగని కొంచెం లూజ్ చేసి, పికప్స్ పైన ఉండే భాగాన్ని, అలాగే మూడో ఫ్రెట్ నుంచి ఏడో ఫ్రెట్ మధ్య భాగాన్ని కింది నుంచి టార్చ్ వేసి చూడండి, నల్లటి మచ్చలు, ఫ్రెట్ ఉన్న ప్రతిచోటా సన్నటి గీత, చుట్ల మధ్య బూడిద రంగు పూతలా పేరుకున్న మురికి కనిపిస్తాయి. గోరుతో ఒకసారి అడుగున గీస్తే ఆ గాట్లు చేతికే తెలుస్తాయి. కళ్ళకి ఏమీ కనిపించకపోయినా, ఇ స్ట్రింగ్ ఓపెన్‌గా మీటి వదిలేస్తే ఎంతసేపు ఎలా ఆరిపోతుందో వినండి. కొత్త తీగలో మెరుపు మెల్లగా తగ్గుతుంది, పాతదాంట్లో మొదటి క్షణంలోనే మెరుపు అంతా పోయి ఉత్త గుమ్మనే శబ్దం మిగులుతుంది.

ఇంతా చెప్పాక, మరి ఎన్నాళ్ళకి మార్చాలి అంటే ఒక్క లెక్క చెప్పడం కుదరదు, చెప్పకూడదు కూడా. ఎందుకంటే మూగబోయిన సౌండే కావాలనుకునేవాళ్ళు ఉన్నారు, వాళ్ళు తప్పు కాదు. డెట్రాయిట్‌లో మోటౌన్ అనే కంపెనీ రికార్డుల మీద 1960ల్లో బాస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తన ప్రెసిషన్ బాస్ (ఫెండర్ కంపెనీ మోడల్) మీద లా బెల్లా వాళ్ళ లావుపాటి ఫ్లాట్‌వౌండ్ తీగలు (పైచుట్టు బల్లపరుపుగా ఉండేవి) వేసి, తెగితే తప్ప మార్చేవాడు కాదని ప్రసిద్ధి. బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు బిగించే భాగం) దగ్గర ఫోమ్ కూడా ఉండేది. ఆ గుండ్రటి, పొట్టిగా ఆగిపోయే సౌండ్ ఆ పాత తీగల వల్లే అలా కుదిరింది. ఇంకోవైపు ద హూ బ్యాండ్ బాసిస్ట్ జాన్ ఎంట్‌విసిల్‌కి పియానో లాంటి గణగణ కావాలి, 1966లో ఆయన రోటోసౌండ్ కంపెనీతో కలిసి పనిచేశాక వచ్చినవే ఆ కంపెనీ స్వింగ్ బాస్ రౌండ్‌వౌండ్ తీగలు (పైచుట్టు గుండ్రటి తీగతో ఉండేవి), రాక్ బాస్ సౌండ్ దారి అక్కడి నుంచే మారింది. జాజ్ బాసిస్ట్ జేకో పాస్టోరియస్ అయితే అవే రౌండ్‌వౌండ్ తీగల్ని ఫ్రెట్లు లేని జాజ్ బాస్ (ఇదీ ఫెండర్ మోడలే) మీద వేశాడు, తీగలు చెక్కని కోసేయకుండా ఫింగర్‌బోర్డ్‌కి ఎపాక్సీ పూత పూసి మరీ. వీళ్ళలో ఎవరి లెక్క ఎవరికి చెప్పినా పనిచేయదు.

కాబట్టి ప్రశ్న నెలల్లో కాదు, ఏ సౌండ్ కావాలి అన్న దాంట్లో ఉంది. స్లాప్ (బొటనవేలితో తీగని కొట్టి) వాయించేవాళ్ళకి, పిక్‌తో గట్టిగా రాక్ వాయించేవాళ్ళకి రౌండ్‌వౌండ్ తీగల మెరుపే ప్రాణం, రోజూ వాయిస్తే అది కొన్ని వారాల్లోనే తగ్గిపోతుంది, రెండు మూడు నెలలకి మార్చడం మామూలు. వేళ్ళతో మెత్తగా వాయించేవాళ్ళకి కొత్త తీగల కరకర మొదటి వారం చిరాకు పెడుతుంది, వాళ్ళకి నెల రోజులు అరిగాకే తీగ రుచిగా ఉంటుంది, ఆ తర్వాత ఆరు నెలలు హాయిగా నడుస్తుంది. ఫ్లాట్‌వౌండ్ అంటే పైచుట్టు గుండ్రటి తీగతో కాకుండా బల్లపరుపు రిబ్బన్ లాంటి తీగతో ఉంటుంది, సందులు తక్కువ, మురికి చేరే చోటు తక్కువ, పైగా మొదటి నుంచీ మెరుపు మీద ఆధారపడిన సౌండ్ కాదు, ఏళ్ళు గడిచినా ఏమీ అనదు. ఇంటొనేషన్ చెడితే, తుప్పు వేళ్ళకి గుచ్చుకుంటే మాత్రం అది ఏ రకం తీగైనా మార్చాల్సిందే, అక్కడ ఇష్టాయిష్టాలు లేవు.

కొనేటప్పుడు అందరూ గేజ్ (తీగ లావు) చూస్తారు గానీ పొడవు చూడరు. ఎక్కువ బాస్‌లు లాంగ్ స్కేల్, అంటే నట్ (నెక్ పై చివర తీగలు ఆనే గాడుల పట్టీ) నుంచి బ్రిడ్జ్ సాడిల్ దాకా 34 ఇంచులు, లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బాస్ తెచ్చినప్పటి నుంచి అదే కొలత నిలిచిపోయింది. షార్ట్ స్కేల్ బాస్‌లు 30 ఇంచుల చుట్టుపక్కల, మధ్యలో 32 ఇంచులవి, కొన్ని ఐదు తీగల బాస్‌లు 35. షార్ట్ స్కేల్ బాస్‌కి లాంగ్ స్కేల్ సెట్ కొంటే, చివర్లో తీగ సన్నబడే భాగం పోస్ట్ (ట్యూనింగ్ పెగ్‌లో తీగ చుట్టుకునే కడ్డీ) దగ్గరికి రాదు, పూర్తి లావున్న భాగాన్నే పోస్ట్ చుట్టూ మెలి తిప్పాల్సి వస్తుంది, అక్కడ చుట్లు విచ్చుకుంటాయి, ఇ స్ట్రింగ్ అయితే విరిగినా ఆశ్చర్యం లేదు. తీగలు వెనక నుంచి బాడీ గుండా వచ్చే బాస్ అయితే ఇంకొంచెం పొడవు కావాలి, ఫ్లాట్‌వౌండ్‌లని అలా బాడీ గుండా వేయొద్దని కొన్ని కంపెనీలే చెప్తాయి, ఎందుకంటే ఆ మలుపు దగ్గర రిబ్బన్ చుట్టు విరగొచ్చు. హెడ్‌స్టాక్ (నెక్ చివర పెగ్‌లు ఉండే భాగం) లేని బాస్‌లలో కొన్నిటికి రెండువైపులా బాల్ (తీగ చివర ఉండే చిన్న లోహపు బిళ్ళ) ఉన్న తీగలే పడతాయి, అది ముందే చూసుకోవాలి.

గేజ్ విషయానికొస్తే 45, 65, 85, 105 అనే సెట్ చాలామంది వాడేది, ఇవి ఇంచులో వెయ్యో వంతులు. 40తో మొదలయ్యేది తేలిక, 50తో మొదలయ్యేది బరువు. లోహం సంగతి క్లుప్తంగా చెప్పాలంటే స్టెయిన్‌లెస్ స్టీల్ ఎక్కువ మెరుపు, ఫ్రెట్లని కొంచెం ఎక్కువ అరగదీస్తుంది, నికెల్ పూత పూసిన స్టీల్ మధ్యస్తం, ప్యూర్ నికెల్ మెత్తటి సౌండ్. తెలియని స్థితిలో నికెల్ పూతది తీసుకుంటే నష్టం లేదు. చెమట బాగా పట్టే చేతులైతే పూత తొడిగిన తీగలు, అంటే కోటెడ్ స్ట్రింగ్స్, ఖరీదు ఎక్కువే అయినా గిట్టుబాటు అవుతాయి.

ఇక విప్పడం. నాలుగూ ఒకేసారి విప్పితే నెక్ పాడైపోతుందన్న భయం ఒకటి బాగా పాకిపోయింది. మామూలు సెట్‌లో నాలుగు తీగలూ కలిసి సుమారు 80 కిలోలకి అటూ ఇటూ బలంతో నెక్‌ని లాగుతుంటాయి, అది ఒక్కసారిగా పోతే నెక్ కొంచెం వెనక్కి కదులుతుంది, మళ్ళీ తీగలు బిగించాక తిరిగొస్తుంది. ఒక గంట తీగల్లేకుండా ఉన్నంత మాత్రాన ఏమీ కాదు, ఫింగర్‌బోర్డ్ తుడవాలంటే అలా విప్పక తప్పదు కూడా. ఒక్క చోట మాత్రం ఒక్కొక్కటిగానే మార్చాలి. వయొలిన్ ఆకారపు బాస్‌ల లాంటి వాటిల్లో బ్రిడ్జ్ స్క్రూలతో బిగించి ఉండదు, తీగల ఒత్తిడితోనే నిలబడి ఉంటుంది, అన్నీ విప్పితే బ్రిడ్జ్ ఊడి చేతిలోకొస్తుంది, మళ్ళీ దాని చోటు వెతకడం పెద్ద పని. అలాంటిదైతే ముందే బ్రిడ్జ్ కాళ్ళ చుట్టూ తేలిగ్గా ఊడొచ్చే టేప్‌తో గుర్తు పెట్టుకోవడం మంచిది.

తీగ బిగువు మీద ఉండగా కట్టర్‌తో కత్తిరించేయడం మాత్రం ఎవరూ చేయకూడదు, అది కొరడాలా ఎగిరి మొహానికి తగలొచ్చు. పూర్తిగా లూజ్ చేసి, వేలాడుతున్నప్పుడు విప్పాలి. విప్పిన పాత తీగలు బాగానే ఉంటే చుట్ట చుట్టి కవర్లో పెట్టుకోండి, కచేరీ మధ్యలో ఒకటి తెగితే అవసరానికి పనికొస్తాయి.

విప్పి ఉన్నప్పుడే ఫ్రెట్ల పక్కన పేరుకున్న మురికిని తీయాలి. రోజ్‌వుడ్ లాంటి పాలిష్ వేయని చెక్క అయితే పొడి గుడ్డతో తుడిచి, బాగా ఎండినట్టు కనిపిస్తే నాలుగు చుక్కల ఫింగర్‌బోర్డ్ ఆయిల్ గుడ్డ మీద వేసి రుద్ది, మిగిలింది తుడిచేయాలి, ప్రతిసారీ నూనె అక్కర్లేదు. మేపుల్ బోర్డ్ మీద సాధారణంగా లక్క పూత ఉంటుంది, దానికి నూనె పనిలేదు, కొంచెం తడి గుడ్డ చాలు. ఫ్రెట్లు మెరిపించడానికి స్టీల్ ఊల్ వాడితే పికప్స్ మీద టేప్ వేయడం మర్చిపోకండి, ఆ ఇనుప పొడి మాగ్నెట్‌కి అంటుకుంటే ఆ తర్వాత తీయడం చాలా కష్టం.

ఇప్పుడు అసలు పని, బిగించడం. ఎక్కువ బాస్‌లలో ట్యూనింగ్ పెగ్ పోస్ట్ పైన ఒక గాడి, మధ్యలో కిందికి ఒక రంధ్రం ఉంటాయి, ఫెండర్ తరహా అన్నమాట. తీగని బ్రిడ్జ్ నుంచి దూర్చి, బాల్ గట్టిగా కూర్చుందో లేదో లాగి చూసి, నట్ గాడిలో పెట్టి, దాని పోస్ట్ దగ్గరికి తిన్నగా లాగాలి. అక్కడి నుంచి ఇంకో 10 నుంచి 13 సెంటీమీటర్లు వదిలి, అంటే దాదాపు ముందున్న రెండో పోస్ట్ దాకా, అక్కడ కత్తిరించాలి. కత్తిరించే ముందు ఆ చోట ప్లయర్‌తో తీగని 90 డిగ్రీలకి గట్టిగా వంచి, ఆ వంపు దాటాకే కత్తెర పెట్టాలి. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ చాలా ముఖ్యం, వంపు లేకుండా కోస్తే చివర చుట్లు కోర్ మీద పట్టు వదిలి లోపలికి పాకుతూ విచ్చుకుంటాయి, కోర్ గుండ్రంగా ఉన్న రౌండ్ కోర్ తీగల్లో అయితే మరీను, ఆరు పలకల హెక్స్ కోర్‌లో అంచులు చుట్టుని పట్టుకుని ఉంచుతాయి కాబట్టి ప్రమాదం తక్కువ. కొత్త తీగ పెట్టెలోంచి తీసి వేయగానే చచ్చినట్టు మోగిందంటే చాలాసార్లు కారణం ఇదే.

కత్తిరించిన చివరని పోస్ట్ రంధ్రంలో అడుగు దాకా దించి, గాడిలో వంచి, ఒక చేత్తో తీగని బిగువుగా పట్టుకుని ఇంకో చేత్తో పెగ్ తిప్పాలి. చుట్లు పైనుంచి కిందికి, ఒకదాని కింద ఒకటి, పేర్చినట్టు రావాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. రెండున్నర నుంచి మూడు చుట్లు చాలు, సన్నటి జి స్ట్రింగ్‌కి ఇంకొకటి పడినా ఫర్వాలేదు. కిందికే ఎందుకు అంటే తీగ నట్ దాటాక కిందికి వంగి దిగితేనే నట్ మీద ఒత్తిడి పడుతుంది, ఒత్తిడి లేకపోతే ఓపెన్ స్వరం జీరగా పలుకుతుంది, మీటినప్పుడు తీగ నట్ గాడిలో పక్కకి కొట్టుకుంటుంది. ఫెండర్ తరహా హెడ్‌స్టాక్‌లో డి, జి తీగల్ని కిందికి నొక్కి పట్టడానికి ఒక చిన్న గుండ్రటి బిళ్ళ ఉంటుంది, ఇ పోస్ట్ నట్‌కి దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి దానికి వంపు ఎలాగూ వస్తుంది, మధ్యలో ఎ తీగకి ఏ సాయమూ లేదు. అందుకే ఎ స్ట్రింగ్‌ని కొంచెం పొడవుగా కత్తిరించి ఇంకో చుట్టు ఎక్కువ వేసి, పోస్ట్ అడుగు దాకా దింపాలి. ఓపెన్ ఎ జీర అని ఫిర్యాదు చేసే బాస్‌లలో చాలావాటికి మందు ఇంతే, కొత్త నట్ అక్కర్లేదు.

పెగ్ తిప్పడానికి బద్ధకించి తీగనే చేత్తో పోస్ట్ చుట్టూ తిప్పేవాళ్ళుంటారు, అలా చేస్తే ప్రతి చుట్టుకీ తీగలో ఒక మెలిక పడుతుంది. బాల్ ఎండ్ బ్రిడ్జ్‌లో ఇరుక్కుని ఉంటుంది, అటు చివర పోస్ట్‌లో, మధ్యలో మెలిక పోవడానికి దారి లేదు. మెలిపడ్డ తీగ మీటితే స్వరం అలల్లా ఊగుతుంది, పక్క తీగతో కలవదు. అనుమానం వస్తే పూర్తిగా లూజ్ చేసి చివరని గాడిలోంచి బయటికి తీసి ఒక్క క్షణం వదలండి, తీగ దానంతట అదే తిరిగి మెలిక విప్పుకుంటుంది, మళ్ళీ వేయండి. అలాగే చివర్లో రంగు దారం చుట్టి ఉండే తీగల్లో, ఆ దారం భాగం నట్ మీదా సాడిల్ మీదా పడకూడదు, దాని హద్దు వాటికి అవతలే ఆగాలి, లేదంటే పొడవు కొలత ఆ బాస్‌కి సరిపోలేదని అర్థం.

శృతికి తెచ్చాక చాలామంది ఇక్కడే ఆపేస్తారు. ఇంకో రెండు నిమిషాల పని ఉంది, ఎక్కువ తేడా తెచ్చేది అదే. దగ్గరగా వంగి సాడిల్ దగ్గర పక్క నుంచి చూడండి, కొత్త తీగ సాడిల్ దాటగానే తిన్నగా రాదు, బిరుసు వల్ల చిన్న కమానులా పైకి లేచి ఆ తర్వాత తిన్నగా సాగుతుంది. ఆ కమాను ఉన్నంతసేపూ తీగ ఎక్కడ మొదలవుతుందో దానికే కచ్చితంగా తెలీదు, స్వరం బురదగా ఉంటుంది, ఇంటొనేషన్ పక్కకి పోతుంది. బొటనవేలితో సాడిల్‌కి ముందు, అంటే నెక్ వైపు, ఒక అరసెంటీమీటరు దూరంలో మెల్లగా కిందికి నొక్కండి, బలం చూపించక్కర్లేదు, అక్కడ ఒక స్పష్టమైన వంపు ఏర్పడితే చాలు. నట్ దగ్గర కూడా అంతే, నట్‌కి ఫ్రెట్ల వైపు ఒకసారి, పెగ్‌ల వైపు ఒకసారి. నొక్కగానే శృతి కొంచెం కిందికి దిగుతుంది, అంటే పని జరిగిందన్నమాట. మళ్ళీ శృతి చేసి, తీగని పన్నెండో ఫ్రెట్ దగ్గర పట్టుకుని మెల్లగా పైకి రెండు మూడుసార్లు లాగి, మళ్ళీ శృతి చేసి, ఇక దిగడం ఆగేదాకా ఇలా చేయాలి. శృతి ఎప్పుడూ కింది నుంచి పైకి తెచ్చి ఆపాలి, ఎక్కువైపోతే దింపి మళ్ళీ పైకి రావాలి, లేకపోతే పెగ్ గేర్లలో ఉండే ఖాళీ వల్ల వాయిస్తుండగానే జారుతుంది.

అదే గేజ్, అదే రకం వేస్తే నెక్ జోలికి దాదాపు వెళ్ళక్కర్లేదు. రకం మారితే, ముఖ్యంగా తేలిక రౌండ్‌వౌండ్ నుంచి బరువైన ఫ్లాట్‌వౌండ్‌కి మారితే లాగుడు మారుతుంది, నెక్ వంపు మారుతుంది. ముందు ఒక రోజు అలా వదిలేసి నెక్‌ని కుదురుకోనివ్వాలి. తర్వాత మొదటి ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్) పెట్టి, చివరి ఫ్రెట్ దగ్గర ఇ తీగని నొక్కి, ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు చూడాలి, 0.3 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటే బాగున్నట్టు. ఎక్కువుంటే ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండే లోహపు కడ్డీ) బిగించాలి, అసలు లేకపోతే వదులు చేయాలి, ఒకసారికి పావు చుట్టు మించొద్దు, బిగుసుకుపోయి తిరగకపోతే బలవంతం చేయకుండా తెలిసినవాళ్ళ చేతికివ్వాలి. ఆ తర్వాతే తీగల ఎత్తు, పదిహేడో ఫ్రెట్ దగ్గర ఇ వైపు 2.4, జి వైపు 2 మిల్లీమీటర్ల దగ్గర మొదలుపెట్టి, గట్టిగా వాయించేవాళ్ళు కొంచెం పెంచుకోవచ్చు. అన్నిటికంటే చివర ఇంటొనేషన్. పన్నెండో ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగని నొక్కకుండా ఊరికే తాకి మీటితే వచ్చే స్వరం), అదే చోట నొక్కిన స్వరం, రెండూ ట్యూనర్‌లో చూడాలి, నొక్కింది పైకి పోతే సాడిల్ వెనక్కి, కిందికి పోతే ముందుకి. ఈ వరస తప్పితే చేసిందే మళ్ళీ చేయాల్సి వస్తుంది, ఎందుకంటే నెక్ వంపు మారితే ఎత్తు మారుతుంది, ఎత్తు మారితే ఇంటొనేషన్ మారుతుంది.

కొత్త సెట్ లావైతే నట్ కూడా ఒకసారి చూడండి. 105 కోసం కోసిన గాడిలో అంతకంటే లావు తీగ పెడితే అడుగు దాకా దిగదు, పైన ఇరుక్కుంటుంది, శృతి చేస్తుంటే టిక్కుమని ఒక్కసారిగా గెంతుతుంది. గాడిలో కొంచెం పెన్సిల్ గ్రాఫైట్ రాస్తే చిన్న ఇరుకు వదులుతుంది, అప్పటికీ కూర్చోకపోతే గాడిని వెడల్పు చేయించాలి.

రోజువారీ జాగ్రత్తల విషయంలో ఒకటే అలవాటు మిగతా అన్నిటికంటే ఎక్కువ పనిచేస్తుంది. వాయించే ముందు చేతులు కడుక్కోవడం, వాయించాక పొడి కాటన్ గుడ్డతో ఒక్కో తీగని అడుగు నుంచి కూడా పట్టుకుని నట్ నుంచి బ్రిడ్జ్ దాకా తుడవడం. ముప్పై సెకన్ల పని. చెమట ఆరిపోయి లోపల ఉప్పు మిగిలితేనే తుప్పు మొదలవుతుంది, తడి మీదే తుడిచేస్తే తీగ ఆయుష్షు బాగా పెరుగుతుంది. తీగల మీద స్ప్రేలు కొట్టడం కంటే ఇది నయం, కొన్ని స్ప్రేలు జారుడు ఇస్తాయి గానీ చుట్ల సందుల్లో జిగురుగా మిగిలి తర్వాత వచ్చే మురికిని పట్టుకుంటాయి.

పాత రౌండ్‌వౌండ్‌లని నీళ్ళలో మరిగించి మళ్ళీ వేసుకోవడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. ఒక పది నిమిషాలు మరిగిస్తే జిడ్డు వదిలి నీళ్ళు మడ్డిగా మారతాయి, తీగ కొత్తదానిలా మోగుతుంది, కాకపోతే ఆ మెరుపు కొద్ది రోజులే, పైగా లోపల తడి మిగిలితే తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. దీనికంటే పొడవాటి మూత ఉన్న గొట్టంలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ లాంటిది పోసి తీగల్ని రాత్రంతా నానబెట్టడం మేలు, ఆల్కహాల్ పూర్తిగా ఆరిపోతుంది, తుప్పు భయం తక్కువ. గాలి ఆడే చోట, మంటకి దూరంగా చేయాలి, తీగలు పూర్తిగా ఆరేదాకా బాస్ మీద పెట్టకూడదు, పాత లక్క పాలిష్‌ని ఆల్కహాల్ కరిగించేస్తుంది. ఏ పద్ధతైనా జిడ్డునే తీస్తుంది, ఫ్రెట్ గాట్లని పూడ్చలేదు, అరిగిన బరువుని తిరిగి ఇవ్వలేదు. ప్రతిసారీ విప్పి వేయడం వల్ల పోస్ట్ దగ్గర వంపు పడిన చోటే మళ్ళీ మళ్ళీ వంగి ఆ భాగం బలహీనపడుతుంది, రెండు మూడుసార్ల తర్వాత వదిలేయడం మంచిది. ఫ్లాట్‌వౌండ్, కోటెడ్ తీగలకి ఈ వైద్యం అవసరమూ లేదు, ప్రయోజనమూ లేదు.

తీగ ఒక్కటే తెగితే ఒక్కటే మార్చొచ్చా అంటే మార్చొచ్చు, కాకపోతే మిగతా మూడూ పాతబడి ఉంటే కొత్తది ఒక్కటే గణగణమని బయటికి పొడుచుకొస్తుంది, ఆ తీగ మీదికి వెళ్ళినప్పుడల్లా వేరే బాస్ వాయించినట్టు ఉంటుంది. ఫ్లాట్‌వౌండ్‌లలో ఇది ఇంకా ఇబ్బంది, ఏళ్ళ పాటు మెత్తబడ్డ తీగల పక్కన కొత్తది ఇమడటానికి నెలలు పడుతుంది.

అన్నీ సరిగ్గా చేసి, కొత్త సెట్ వేసి, కమాను నొక్కి, ఇంటొనేషన్ కుదిర్చాక కూడా జి స్ట్రింగ్ మీద ఐదో ఫ్రెట్ నుంచి ఏడో ఫ్రెట్ మధ్యలో ఎక్కడో ఒక స్వరం మాత్రం పక్క స్వరాల కంటే తొందరగా ఆరిపోతుంటే కంగారు పడి ఇంకో సెట్ కొనకండి. దాన్ని డెడ్ స్పాట్ అంటారు, బోల్ట్ చేసిన చెక్క నెక్ ఉన్న బాస్‌లలో చాలావాటికి ఉంటుంది, ఆ స్వరం పౌనఃపున్యం దగ్గర నెక్ తనే ఊగి తీగ శక్తిని లాగేసుకోవడం వల్ల వచ్చేది. హెడ్‌స్టాక్‌కి కొంచెం బరువు తగిలిస్తే ఆ చోటు ఒకటి రెండు ఫ్రెట్లు పక్కకి జరుగుతుంది, అదే స్వరాన్ని డి స్ట్రింగ్ మీద ఐదు ఫ్రెట్లు పైన వాయించినా సరిపోతుంది.